దించమనేదాకా

మొన్న సోమవారం మేడమ్‌గారి చెల్లెలు నా జిరాక్స్ షాపుకు వచ్చి కౌంటరు మీద ఒక నీలంరంగు ప్లాస్టిక్ ఫైలు పెట్టింది. "అక్క ఆఫీసువాళ్లు సర్టిఫికెట్లు పట్రమ్మన్నారమ్మా. ఏవి కావాలో నాకు తెలీదు. అన్నీ రెండేసి తీసెయ్," అంది.

తిరువూరు బస్టాండు పక్కన ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, ఏ ఆఫీసుకు ఏ కాగితం కావాలో నాకు తెలియనిదా. ఉద్యోగంలో ఉండగా పోయిన మనిషికి మరణ ధ్రువపత్రం, ఆధారు, ఉద్యోగంలో చేరినప్పటి ఆర్డరు ఉంటే చాలు. ఫైల్లో ఉన్న మిగతా కాగితాలతో వాళ్లకు పనిలేదు. ఆ ముక్క ఆవిడతో చెప్పడానికి నోరు రాలేదు. మిషను మూత ఎత్తి ఒక్కొక్కటే పెడుతూ వచ్చాను. ఆసియా పోటీలు, ప్రపంచ పోటీలు, మళ్లీ ప్రపంచ పోటీలు. కొన్నిటి మీద అక్షరాలు ఏ భాషవో కూడా తెలియదు. అన్నిటి మీదా ఒకటే ముఖం. నూనె రాసి బిగించి వేసిన జడ, ఫొటోగ్రాఫరు నవ్వమన్నా నవ్వని పెదవులు.

పాస్‌బుక్కు కాపీ కోసం నిలబడ్డ గంపలగూడెం రైతు ఒకాయన మెడ చాచి చూశాడు. "ఎవరమ్మా ఆవిడ, పోలీసా?"

"కాదండి. వెయిట్‌లిఫ్టరు. బరువులెత్తేవారు."

"మరి మా ఊళ్లో బస్తాలెత్తేవాళ్లకి ఒక్క సర్టిఫికెట్టూ ఇవ్వలేదే," అన్నాడాయన.

నాకు కోపం రాలేదు. మేడమ్ అక్కడుంటే కడుపుబ్బ నవ్వి, "నిజమే బాబాయ్, ముందు వాళ్లకే ఇవ్వాలి," అనేవారు. ఆ నవ్వు చెవిలో వినబడి, చేతిలో కాగితం మిషను మీద వంకరగా పడింది. మళ్లీ తియ్యాల్సివచ్చింది.

మేడమ్ పొడుగు అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ. పేపర్లో చదివి చూడ్డానికి వచ్చేవాళ్లు భీముడి చెల్లెల్ని ఊహించుకుని వచ్చేవారు. వాకిట్లో బట్టలారేస్తున్న ఆవిణ్ణే పట్టుకుని, "మేడమ్‌గారు ఉన్నారామ్మా?" అని అడిగేవారు. "ఉన్నారు, కూర్చోండి," అని ఆవిడ లోపలికి వెళ్లి, కుచ్చిళ్లు సర్దుకుని, అదే గుమ్మంలోంచి బయటికొచ్చి, "చెప్పండి," అనేవారు. వచ్చినవాళ్ల ముఖాలు చూడలేక నేనూ చెల్లెలుగారూ వంటింట్లో నోరు నొక్కుకుని నవ్వేవాళ్లం.

ఆవిడ అరచేతులు చూస్తే మాత్రం ఎవరైనా గుర్తుపట్టాల్సిందే. వేళ్ల మొదళ్ల దగ్గర వరసగా కాయలు, ఎండిన రేగుపళ్లంత. గోడౌనుకు కొత్తగా ఏ పిల్ల వచ్చినా ముందు పేరు అడిగేవారు కాదు. "చేతులు చూపించు," అనేవారు. మెత్తగా ఉంటే, "ఇంకా కొత్త పలకే," అని వదిలేసేవారు. గోడౌనంటే గంపలగూడెం రోడ్డులో మూతబడ్డ ఎరువుల గోడౌను. ఎవరో వాడుకోమని తాళం ఇచ్చారు. వాన పడితే ఇప్పటికీ యూరియా వాసన వస్తుంది. విస్సన్నపేట నుంచి మామిడి చెక్కలు తెప్పించి, వాటి మీద రబ్బరు షీట్లు పరిచి, ప్రపంచ పోటీల్లో మెడళ్లు తెచ్చిన మనిషి పొద్దున అయిదున్నరకల్లా అక్కడ మాకు బరువులు నేర్పేవారు. తొమ్మిదిన్నరకు చీర కట్టుకుని ఆఫీసుకు వెళ్లి ఫైళ్లు రాసుకునేవారు.

హోటల్లో ఎనిమిది ఇడ్లీ చెబితే సప్లయరు "పార్సిలా మేడమ్?" అనేవాడు. "కాదు నాయనా, ఇక్కడికే," అని పొట్ట చూపించేవారు. మేం ప్లేటులో రెండు పెట్టుకుని ఆగితే ఊరుకునేవారు కాదు. "తిండి దగ్గర సిగ్గుపడేదానికి ఇనప బారు దగ్గర బలమెక్కడిదే?" అనేవారు. ఎవరైనా "బరువుగా ఉంది మేడమ్," అంటే, "తేలిగ్గా ఉంటే నిన్నెందుకు పిలుస్తానే?" అనేవారు.

ఒక విచిత్రం ఉండేది ఆవిడ దగ్గర. ఏదైనా ఎత్తారంటే, ఎవరో ఒకరు చెప్పేదాకా దించేవారు కాదు. వీధిలోకి గ్యాస్ బండి వస్తే పక్కింటివాళ్ల బండ కూడా ఆవిడే లోపలికి తెచ్చి, వంటింట్లో దాన్ని పట్టుకుని నిలబడేవారు. ఆ ఇల్లాలు "అయ్యో మేడమ్, దించండి," అనాలి. అప్పుడు దించేవారు. బియ్యం బస్తా అయినా అంతే, ఆఫీసులో ఫైళ్ల కట్ట అయినా అంతే. ఒక ఆదివారం చర్చిలో ఎవరిదో చంటిబిడ్డను ఎత్తుకున్నారు. బిడ్డ నిద్రపోయింది, ప్రార్థన అయిపోయింది, తల్లి ఎవరితోనో మాటల్లో పడింది. జనమంతా వెళ్లిపోయినా ఈవిడ బిడ్డతో అలాగే నిలబడి ఉన్నారు. చాదస్తం అనుకుని నవ్వుకునేవాళ్లం.

మా ఆటలో బరువును తలమీదికి ఎత్తితే సరిపోదు. మోచేతులు, మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడాలి. అప్పుడు దించమని సైగ వస్తుంది. సైగ వచ్చాకే దించాలి, ముందే దించితే ఎత్తనట్టే. పోటీల్లో అయితే బజరు మోగుతుంది. మా గోడౌనులో బజరూ లేదు, గంటా లేదు, మేడమే. కుడిచెయ్యి ఎత్తి, కిందికి దించుతూ, "దించు," అనేవారు. ఒక్కోసారి కావాలనే ఆలస్యం చేసేవారు. మేం పైన ఇనుముతో వణికిపోతుంటే, "మీ ఇంట్లో టిఫినేంటే ఇవాళ?" అని అడిగేవారు. జవాబు చెప్పేదాకా చెయ్యి దిగేది కాదు.

మెడళ్లు ఆవిడ ఇంట్లో అద్దాల బీరువాలో ఉండేవి కావు. గోడౌనులో ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఏ పిల్ల అయినా మొదటిసారి తన ఒంటి బరువంత తలమీదికి ఎత్తి ఆపితే, డబ్బా తెరిచి ఒక మెడలు తీసి ఆ పిల్ల మెడలో వేసేవారు. మర్నాడు పొద్దుటిదాకా అది ఆ పిల్లది. బడికి వేసుకెళ్లొచ్చు, పక్కలో పెట్టుకుని పడుకోవచ్చు. "పోతే ఎట్లా మేడమ్?" అని అడిగాను. "పోతే పోద్ది. డబ్బాలో కూర్చుని మాత్రం అదేం చేస్తోంది?" అన్నారు.

పదిహేనేళ్ల వయసులో నా వంతు వచ్చింది. ప్రపంచ పోటీల్లో గెల్చిన వెండి మెడలు తీసి నా మెడలో వేశారు. బడికి వేసుకెళ్లాను, సాయంత్రం ఇంటికి తెచ్చాను. మా నాన్న తిరువూరు నుంచి గంపలగూడెం షేర్ ఆటో తోలేవాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్క ట్రిప్పు వేసుకొస్తానే," అని తీసుకెళ్లి ఆటోలో అద్దానికి వేలాడదీశాడు. ఆ ట్రిప్పులో పత్తి ఏరడానికొచ్చి ఇళ్లకు పోతున్న ఆడకూలీల మధ్య, గంపలగూడెంలో ప్రార్థనకూటానికి వెళ్తున్న మేడమ్ కూడా ఇరుక్కుని కూర్చున్నారు. మా నాన్న ఆవిడ పేరు వినడమే గాని మనిషిని చూసి ఎరగడు.

"ఏంటన్నా అది, తాయెత్తా?" అని ఒక కూలిమనిషి అడిగిందట.

"తాయెత్తు కాదమ్మా, మెడలు. మా అమ్మాయి బరువులెత్తుద్ది," అన్నాడట మా నాన్న.

దారి పొడుగునా మెడలు గుంటల్లో ఊగుతూ ఉంటే మేడమ్ దాన్నే చూస్తూ కూర్చున్నారు. గంపలగూడెంలో దిగి చార్జీ ఇస్తూ, "మెడలు బాగుందండి. ఎవరిదన్నారు?" అని అడిగారు.

"మా అమ్మాయిదండి."

"అవునండి. మీ అమ్మాయిదే," అని వెళ్లిపోయారు.

మర్నాడు ఈ కథంతా ఆవిడే అందరి ముందూ చెప్పి నవ్వారు. మా నాన్నకు ఆవిడ ఎవరో నేను చెప్పేసరికి ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. ఆ తరవాత నెల రోజులు గోడౌను ముందు హారను కొట్టకుండా, తల తిప్పుకుని పోయేవాడు.

రెండేళ్లకు నేను జూనియర్ జాతీయ పోటీలకు వెళ్లాను. ఎక్కడో ఉత్తరాదిన. మేడమ్ ఆఫీసుకు సెలవు పెట్టి నా వెంట వచ్చారు. ఆఖరి అవకాశం మిగిలింది, ఎత్తితే మెడలు. ఎత్తాను. ఎన్నడూ లేనంత తేలిగ్గా లేచింది. పైన ఆపి ఎదురుగా చూశాను. అడ్డుకంచె అవతల మేడమ్ నవ్వుతున్నారు. పోటీలో ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఇంకేముంది, గెలిచేశాననుకుని దించేశాను. బజరు ఆ తరవాత మోగింది. తేడా అరక్షణం ఉంటుందేమో. ఎత్తనట్టేనని ఎర్రదీపాలు వెలిగాయి.

తిరుగు రైల్లో రెండు రోజుల ప్రయాణం. మేడమ్ నాకు బత్తాయిలు ఒలిచి పెట్టారు, చలేస్తే తన శాలువా కప్పారు, దాని గురించి ఒక్క మాట అనలేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే నేను బాగుపడేదాన్ని.

ఇంటికి వచ్చాక గోడౌనుకు వెళ్లలేదు. సాయిబుల పిల్ల కదా, ఈడొచ్చింది, ఇంట్లోవాళ్లు మాన్పించి ఉంటారని ఊళ్లో అనుకున్నారు. నేను కూడా కాదనలేదు, సౌకర్యంగా ఉంది గనక. మా ఇంట్లో ఎవరూ మాన్పించలేదు. అయిదింటికి మా అమ్మే లేపేది, నేనే ముసుగు తన్ని పడుకునేదాన్ని. సిగ్గు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

నాలుగో రోజు మేడమ్ మా ఇంటికి వచ్చారు. మా అమ్మ టీ పెట్టడానికి వెళ్లగానే నా మంచం మీద కూర్చుని, "నీకొకటి చెప్తా. మా చెల్లికి కూడా చెప్పలా," అన్నారు.

"నువ్వు మెళ్లో వేసుకున్నావే ఆ వెండి మెడలు, అది వెండి అవ్వాల్సింది కాదు. ఆఖరి బరువు ఎత్తేశా. పైన ఆపేశా కూడా. గెలిచేశాననుకుని దించేశా. సైగ రాలా. అంతే, పోయింది. ఇక్కడేమో జీపెక్కించి, దండలేసి, మైకు పెట్టి ఊరంతా తిప్పారు. అందరికీ దణ్ణాలు పెడతానే ఉన్నా. కళ్లకి మాత్రం ఆ అరక్షణమే కనబడతా ఉంది. అప్పట్నించీ ఏం ఎత్తినా, ఎవరన్నా దించమంటేగాని చేతులు దిగవు. మీరంతా నవ్వుకుంటారుగా, నాకు తెలుసు. నవ్వుకోండి."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆవిడ ఓదార్చలేదు. "ఎత్తేవాళ్లు బోలెడుమంది. ఆగేవాళ్లే తక్కువ. ఆగడం నేర్చుకుందువుగాని, రేపు రా," అన్నారు.

"వస్తా మేడమ్," అన్నాను. వెళ్లలేదు.

ఆ "రేపు" పదకొండేళ్లు సాగింది. చదువు అయింది, పెళ్లయింది, ఈ షాపు పెట్టుకున్నాను, నాన్న పోయాడు. మేడమ్ ఏదో ఒక కాగితం పట్టుకుని షాపుకు వస్తూనే ఉన్నారు. నా చెయ్యి తిప్పి చూసి, "మళ్లీ కొత్త పలకైపోయిందే," అనేవారు. వెళ్తూ వెళ్తూ, "రేపొస్తావా?" అనేవారు. "వస్తా మేడమ్," అనేదాన్ని. ఇద్దరం నవ్వేవాళ్లం. అదొక వేళాకోళం అయిపోయింది. దాని చాటున నేను హాయిగా తప్పించుకున్నాను.

పోయిన వేసవిలో ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం ఎడమచేతికి చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. ఏదో ఆసుపత్రి కాగితం కాపీ కోసం షాపుకొచ్చి, ఆ చెయ్యి కౌంటరు మీద పెట్టి చూపించారు. "ఈ చేత్తో బరువులెత్తకూడదంట. నీళ్లబిందె కూడా వద్దన్నాడు డాక్టరు," అని నవ్వారు. "చిన్నవాడు పాపం. నేనెవరో వాడికి తెలీదు. నేనూ చెప్పలా."

నా వేళ్లు పట్టుకుని కుట్లు మానిన చోట పెట్టారు. చర్మం కింద రక్తం జుయ్యిమంటూ పోతోంది. "చూశావా, మోటారు బిగించారు," అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆవిడ చేతిసంచి నేనే మోసుకుని ఆటో దాకా వెళ్లాను. ఆవిడ ఎక్కి సర్దుకుని కూర్చున్నారు. నేను సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాను, ఎందుకో నాకే తెలియదు. ఆవిడ నా వంక చూసి, కుడిచెయ్యి కొంచెం ఎత్తి, "దించు," అన్నారు. సంచి సీటు మీద పెట్టాను.

"రేపొస్తావా?" అన్నారు. ఈసారి నవ్వలేదు. "నిజంగా రావే. నాకు పొద్దున్నే లేవడం కావట్లా. పిల్లలు ఎత్తుతున్నారు గాని, దించమనడానికి మనిషి లేదు. వచ్చి ఆ ఒక్క మాట అను, చాలు."

"వస్తా మేడమ్," అన్నాను.

అది అడ్మిషన్ల కాలం. షాపు ముందు దరఖాస్తుల జనం. వచ్చేవారం వెళ్దాంలే అనుకున్నాను. మూడు వారాలు గడిచాయి, ఒక బుధవారం మధ్యాహ్నం మేడమ్ పోయారని చెల్లెలుగారు ఫోను చేసింది. ఇంత రాశాక ఇంకా దాచడమెందుకు, నేను వెళ్లనిది తీరిక లేక కాదు. ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని ఆవిడ అడగరు. ఆ అడగకపోవడాన్ని తట్టుకోలేక వెళ్లలేదు.

ఇప్పుడు వెళ్తున్నాను. అందుకే షాపు గంట ఆలస్యంగా తెరుస్తున్నాను. ఆరుగురు పిల్లలు వస్తున్నారు. వాళ్లు ఎత్తి నిలబడతారు, నేను చెయ్యి దించి ఆ మాట అంటాను. రెండే అక్షరాలు, అంత చిన్న మాట. ఇంత తేలికైన పని ఆవిడ బతికుండగా ఒక్క పొద్దయినా చెయ్యలేకపోయాను. ఆవిడ పైనుంచి చూస్తుంటారులే అని చెల్లెలుగారు అంటుంది. నాకు దానితో ఓదార్పు కలగడం లేదు.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు శ్మశానం దాకా వెళ్లరు. మా నాన్న జనాజా లేచినప్పుడు కూడా నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మేడమ్‌ను తీసుకెళ్లే రోజున చర్చి దాకా వెళ్లి వచ్చేద్దామనుకున్నాను. చెల్లెలుగారు నా చెయ్యి వదల్లేదు. "పెట్టె తాళ్లు నా పిల్లలే పట్టుకోవాలని అక్క చెప్పిందమ్మా. నాలుగు పేర్లు చెప్పింది. నాలుగోది నీదే," అంది.

"నేను ఎప్పుడో మానేశాను కదండి," అన్నాను.

"ఆ సంగతి నాకు తెలీదమ్మా. అక్క చెప్పింది నేను చెప్తున్నా."

సమాధుల తోటలో నలుగురం నిలబడ్డాం. ఒకామె కానిస్టేబులు, ఒకామె నర్సు, ఎ.కొండూరు నుంచి వచ్చినామె పత్తిచేలల్లో కూలికి పోతోంది, నాలుగో మనిషిని నేను. ఆడవాళ్లేంటి తాళ్లేంటని వెనక ఎవరో గొణిగారు. పాస్టరుగారు వాళ్లవంక చూస్తే ఊరుకున్నారు. గొయ్యి మీద అడ్డంగా పెట్టిన కర్రలు లాగేశారు. పెట్టె మా తాళ్ల మీదికి వచ్చింది. ఆఖరి రోజుల్లో మేడమ్ చిక్కి సగమయ్యారు. బరువంతా పెట్టెదే.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. మేం నలుగురం కదల్లేదు.

పాస్టరుగారు మావంక చూశారు. జనం ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. "ఏమ్మా, చేతులు పట్టేశాయా? మేం పట్టుకుంటాం, ఇటివ్వండి," అని ఒకాయన ముందుకు వచ్చాడు. కానిస్టేబులు తల అడ్డంగా ఊపింది. ఎవరం ఎవరితోనూ అనుకోలేదు. నలుగురికీ మోకాళ్లు బిగుసుకుని ఉన్నాయి, వీపులు నిటారుగా ఉన్నాయి. చెప్పవలసిన మనిషి పెట్టెలో ఉన్నారు.

నా అరచేతుల్లో తాడు కోసుకుపోతోంది. ఎన్నడో కాయలు కరిగిపోయిన చేతులు. ఆ నొప్పి నాకు బాగుంది. ఒకనాడు అరక్షణం ఆగలేకపోయినదాన్ని, ఇప్పుడు ఆ మాట అసలు రాకుండా ఉంటే బాగుండునని, పొద్దుగూకేదాకా ఇలాగే నిలబెట్టినా నిలబడతానని అనుకుంటూ నిలబడ్డాను.

ముందుగా చెల్లెలుగారికి అర్థమైంది. పమిట చెంగుతో ముఖం తుడుచుకుని గొయ్యి అంచుకు వచ్చింది. అక్కను చూసి చూసి వచ్చిన అలవాటే కాబోలు, కుడిచెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది.

"దించండమ్మా," అంది.

దించాం.